ఇరవై మూడు రోజులు వాడి ఆపేసిన ఫ్యాట్ బర్నర్

గవర్నర్‌పేటలో ఒక సప్లిమెంట్ల షాపులో కొన్నాను. 60 క్యాప్సూల్స్, 1,250 రూపాయలు. "అంతా హెర్బలే సార్, పరగడుపున రెండు వేసుకుని పరుగెత్తండి, కొవ్వు కరిగిపోతుంది" అన్నాడు షాపతను. హాఫ్ మారథాన్ కోసం రోజూ తెల్లారకముందే ప్రకాశం బ్యారేజీ మీద పరుగెత్తుతుంటాను. నాలుగు కిలోలు తగ్గితే మోకాళ్లకి సుఖం కదా అనుకున్నాను.

మొదట్లో మంచి ఊపే వచ్చింది. ఐదో రోజు బ్యారేజీ సగం దాటేసరికి గుండె దడ, పుల్లటి తేన్పులు. రోజూ అదే స్పీడుకి 140 దాటని గుండె వేగం వాచీలో 158 ఉంది. రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయాను.

ఇంటికొచ్చి డబ్బా వెనక చీమల్లాంటి అక్షరాలను ఫోన్‌లో పెద్దవి చేసి చదివాను. గ్రీన్ టీ సారం, గార్సీనియా అనే పుల్లటి కాయ సారం, మిరియాల సారం, అన్నీ కలిపి 750 మిల్లీగ్రాములు. ఏది ఎంతో లేదు. గ్రీన్ టీ సారంలో మామూలుగా కెఫీన్ ఉంటుంది, దాని ఊసే లేదు. నాకొచ్చిన ఊపు దానిదేనని నా అనుమానం.

గ్రీన్ టీ సారం అసలు పనిచేయదని అనను. 2008లో బ్రిటన్‌లో 12 మంది మగవాళ్లకు ఇచ్చి అరగంట సైకిల్ తొక్కిస్తే, కొవ్వు ఖర్చు 17 శాతం పెరిగింది. కానీ లెక్క చూడండి: నిమిషానికి 0.35 గ్రాముల నుంచి 0.41 గ్రాములకి. అరగంటకి అదనంగా రెండు గ్రాములు కూడా లేదు, అర చెంచా నెయ్యంత! ఆ కాస్తా మధ్యాహ్నం పప్పన్నంలోనే తిరిగొచ్చేస్తుంది. నా బరువు 78.4 నుంచి 78.1కి వచ్చింది, అంతే.

ఆ ఐదో రోజు తర్వాత టిఫిన్ తిన్నాక వేసుకుంటే ఆ పుల్లటి తేన్పులు తగ్గాయి. అయితే గ్రీన్ టీ సారంలోని ఈజీసీజీ అనే పదార్థం సప్లిమెంట్ల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన పడితే కాలేయానికి ఇబ్బంది రావచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లోనే చెప్పింది. నా డబ్బాలో అది ఎంతుందో ఎవరికి తెలుసు? ఇరవై మూడో రోజు ఆపేశాను.

అసలు టెన్షన్ మా అమ్మాయి గురించి. తను 800 మీటర్లు పరుగెత్తుతుంది, "నాన్నా, నేనూ వేసుకోనా?" అని అడిగింది. కొన్ని ఫ్యాట్ బర్నర్లలో కలిపే హైజెనమైన్ లాంటి ఉత్తేజకాలు మొక్కల్లోంచి వచ్చేవే, అయినా డోపింగ్ నిషేధ జాబితాలో ఉన్నాయి. తెలియక మింగినా బాధ్యత క్రీడాకారులదే. పోటీలకెళ్లే పిల్లలున్న తల్లిదండ్రులు దయచేసి ఇలాంటివి కొనకండి.

మిగిలిన 14 క్యాప్సూల్స్ వెనక్కి తీసుకోమంటే, "సీల్ తీశారు కదా సార్" అన్నాడు.