మా లడ్డుకు మూడేళ్ళ ఇన్సులిన్: ఏది పనికొచ్చింది, ఏది అటక ఎక్కింది

మా పిల్లి లడ్డుకు షుగర్ వచ్చిందని మాకంటే ముందు చీమలకు తెలిసింది. 2022 వానాకాలం మొదట్లో వాడి ఇసుక ట్రే చుట్టూ బారులు తీరాయి. చుట్టూ పసుపు చల్లి ఊరుకున్నాను. అప్పటికే వాడు బాత్రూం బకెట్ అంచుకు వేలాడి నీళ్ళు తాగుతున్నాడు. గిన్నె ఖాళీ చేసి మళ్ళీ అడుగుతున్నాడు. అంత తింటున్నా నిమిరితే వెన్నెముక చేతికి తగులుతోంది. 6.8 కిలోల పిల్లి 5.1కి దిగింది. చివరికి వెనక కాళ్ళను మడమల దాకా నేలకు ఆనించి నడవడం మొదలుపెట్టాక గానీ డాక్టరు దగ్గరికి తీసుకుపోలేదు. షుగర్ పెరిగిపోయి నరాలు దెబ్బతింటే పిల్లులు అలా నడుస్తాయని అక్కడే తెలిసింది.

రక్తంలో షుగర్ రీడింగు 438 వచ్చింది. భయపడ్డ పిల్లికి ఊరికే కూడా షుగర్ ఎగబాకుతుందట. అందుకే డాక్టరు ఆ ఒక్క అంకెను నమ్మలేదు. మూత్రం చూశారు, అందులోనూ షుగర్ ఉంది. ఫ్రక్టోసమైన్ అనే రక్తపరీక్ష కూడా రాశారు. అది గడిచిన రెండు మూడు వారాల లెక్క చెప్తుంది, ఆ పూట భయంతో దానికి పనిలేదు. అదీ ఎక్కువే వచ్చింది. షుగరున్న పిల్లికి లడ్డు అని పేరేంటని ఇప్పటికీ అందరూ నవ్వుతారు. పేరు పెట్టిన రోజున వాడు అరచేతిలో పట్టేవాడు మరి.

ఇన్సులిన్ గ్లార్జిన్ రాశారు. లాంటస్ పేరుతో మనుషులు వాడేదే. పన్నెండు గంటలకోసారి 1 యూనిట్‌తో మొదలు. మేముండేది హనుమకొండలో. మెడికల్ షాపుకు పోయి చీటీ ఇస్తే ఆ అబ్బాయి "పేషెంట్ వయసెంత మేడం?" అన్నాడు. తొమ్మిది అన్నాను. "అయ్యో, తొమ్మిదేళ్ళకే ఇన్సులినా" అని మొహం చిన్నబుచ్చుకున్నాడు. పిల్లి అని చెప్పేసరికి వెనకున్న ఇద్దరు గట్టిగా నవ్వారు. పక్కింటి వదినైతే నవ్వలేదు. "మా అత్తకు సూది ఇయ్యనీకే ఇంట్ల ఎవలు లేరు, నువ్వు పిల్లికిస్తున్నవా?" అంది. జవాబు నా దగ్గర లేదు. ఆ తర్వాత ఏడాదిన్నర ఆమె అత్తకూ పొద్దున సూది నేనే వేశాను, అది వేరే కథ.

సూది వేయడం అందరూ అనుకునేంత కష్టం కాదు. ఇన్సులిన్ సూది వెంట్రుకంత సన్నం. మెడ వెనక గానీ పక్క డొక్క దగ్గర గానీ చర్మాన్ని డేరాలా పైకి పట్టుకుని దాని కింద గుచ్చాలి. గిన్నెలో తల పెట్టిన లడ్డుకు ఆ సంగతే తెలియదు. నాకొచ్చిన ఇబ్బంది వేరు. మొదటి నెలలో రెండుసార్లు సూది చర్మాన్ని దాటి అవతలికి వచ్చి, మందంతా బొచ్చు మీద పడింది. చెయ్యి పెడితే తడి, ఆసుపత్రి వాసన. అప్పుడు చేతులు దురద పెడతాయి, ఇంకోటి వేద్దామని. వేయకూడదు. ఎంత లోపలికి పోయిందో తెలియనప్పుడు ఆ పూటకు వదిలేయడమే. ఒక పూట షుగర్ ఎక్కువుంటే పిల్లికి ఏమీ కాదు. డబుల్ డోసు పడితే అవుతుంది.

అది నాకు పుస్తకంలో చదివి తెలియలేదు. 2023 ఏప్రిల్‌లో తెలిసింది.

మా మామయ్యకూ షుగర్ ఉంది. ఆయన ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్లది, సిరంజీకి ఎర్ర మూత. లడ్డుది మిల్లీలీటరుకు 100 యూనిట్లు, సిరంజీకి ఆరెంజ్ మూత. అప్పటికి వాడి డోసు 2 యూనిట్లకు పెరిగింది. ఆ సాయంత్రం 7 గంటలకు చూస్తే నా డబ్బాలో సిరంజీలు అయిపోయాయి. ఫ్రిజ్ పైన మామయ్య డబ్బా ఉంది. సిరంజీ ఏదైతేనేం, గీతలు గీతలే కదా అనుకుని ఎర్ర మూతది తీసి 2 గీత దాకా లాగి వేశాను. ఆ సిరంజీలో 2 గీత అంటే 0.05 మి.లీ. మిల్లీలీటరుకు 100 ఉన్న మందులో 0.05 మి.లీ. అంటే 5 యూనిట్లు. రెండు అనుకుని ఐదు వేశాను.

గంట తర్వాత చెత్తబుట్టలో ఎర్ర మూత కనిపించింది. కాళ్ళు చల్లబడ్డాయి. డాక్టరుకు ఫోన్ చేస్తే, వెంటనే తిండి పెట్టండి, గంట గంటకూ చూడండి, తూలినా మగతగా ఉన్నా తేనె చిగుళ్ళకు రాయండి, ఫిట్స్ వస్తే రాస్తూనే బండెక్కండి అన్నారు. 8 గంటలకు 240. 10కి 131. పదకొండున్నరకు 47. పిలిస్తే చూడటం లేదు, కళ్ళు నల్లగా పెద్దవై ఉన్నాయి, లేచి రెండడుగులు వేసి గోడకు ఒరిగాడు. మా ఆయన తల పట్టుకుంటే నేను వేలికి తేనె అద్దుకుని చిగుళ్ళకు రుద్దాను. గొంతులో పోయకూడదు, మింగలేని స్థితిలో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పావుగంటకు 79. లేచి అన్నం గిన్నె దగ్గరికి పోయాడు. హమ్మయ్య అనుకున్నాం గానీ గ్లార్జిన్ అంత తొందరగా వదలదు, ఒంటిగంటకు మళ్ళీ 55. తేనె, తిండి, చెవికి గుచ్చి మిషన్ స్ట్రిప్పుతో షుగర్ చూడటం, ఇలా తెల్లారి 5 దాకా. పొద్దున డోసు మానేయమన్నారు. ఆ ఒక్క రాత్రికి 14 స్ట్రిప్పులు అయిపోయాయి.

ఇప్పుడు మామయ్య డబ్బా వాళ్ళ గదిలో, లడ్డు డబ్బా వంటింట్లో. మూత మీద మార్కర్‌తో "100" అని రాసి ఉంటుంది. సిరంజీ పది కంటే తగ్గితే కొత్త ప్యాకెట్ వచ్చేస్తుంది. ఈ సమీక్షలో ఇంకేదీ చదవకపోయినా ఈ మూతల సంగతి మాత్రం చదవండి. మన దేశంలో రెండు రకాల ఇన్సులిన్లూ ఒకే షాపులో, ఒకే ఫ్రిజ్‌లో ఉంటాయి. పిల్లికి అర యూనిట్ తేడా కూడా తేడాయే కాబట్టి, 30 యూనిట్ల చిన్న సిరంజీల్లో అర గీతలున్నవి తెప్పించుకోండి. ఇక్కడి షాపుల్లో నాకు దొరకలేదు, ఆన్‌లైన్‌లో వచ్చాయి.

ఇక షుగర్ మిషన్లు. మూడు రకాలు వాడాను.

మొదటిది మామయ్యదే, మనుషుల గ్లూకోమీటరు. మనిషి రక్తంలో గ్లూకోజు ఎర్ర కణాల్లోనూ ద్రవంలోనూ పంచుకుని ఉంటుంది, పిల్లిలో దాదాపు అంతా ద్రవంలోనే. మిషన్ మనిషి లెక్కతో కడుతుంది కాబట్టి పిల్లికి తక్కువ చూపిస్తుంది. ఒకసారి ల్యాబులో తీసిన రక్తానికి 268 వస్తే, అదే నిమిషంలో నా మిషన్ 221 అంది. దీనికి చాలామంది భయపడి మానేస్తారు. నాకు మాత్రం ఇదే నచ్చింది. అబద్ధం చెప్పినా ఎక్కువగా ఒకే వైపు చెప్తుంది, అదీ మనల్ని జాగ్రత్తపడమనే వైపు. డాక్టరుకు ఏ మిషన్‌తో చూశానో చెప్తే ఎంతుంటే ఎక్కువ, ఎంతుంటే తక్కువ అనే హద్దులు ఆయన దానికి తగ్గట్టు ఇచ్చారు. స్ట్రిప్పులు ఏ వీధిలోనైనా, రాత్రి పదింటికైనా దొరుకుతాయి. ఆ ఏప్రిల్ రాత్రి అదే నన్ను కాపాడింది.

రెండోది జంతువుల కోసం చేసిన మీటరు. బయటిదేశం నుంచి వచ్చేవాళ్ళతో తెప్పించాను. పిల్లికి వేరే కోడు, కుక్కకు వేరే కోడు. అంకెలు ల్యాబుకు దగ్గరగా వచ్చేవి, అందులో అనుమానం లేదు. కానీ స్ట్రిప్పులు అయిపోతే మళ్ళీ ఎవరో విమానం ఎక్కే దాకా ఆగాలి. ఆ మధ్య నెలలో పాత మిషన్, మళ్ళీ ఇది, నోట్‌బుక్కులో రెండు రకాల అంకెలు కలిసిపోయి షుగర్ పెరిగిందా మిషన్ మారిందా అర్థం కాలేదు. అటక మీద ఉంది.

మూడోది ఒంటికి అతికించే సెన్సర్. భుజాల మధ్య బొచ్చు గీయించి పెట్టారు, ఫోన్ దగ్గర పెడితే అంకె వస్తుంది. పద్నాలుగు రోజులు ఉండాల్సింది. లడ్డు ఐదో రోజున మంచం కిందికి దూరి గీకి పీకేశాడు. నాకు నాలుగు వేలు పైన పడింది. అయినా తిట్టను. ఆ ఐదు రోజుల్లో మేం నిద్రపోతున్నప్పుడు, తెల్లవారుజామున 2 గంటలకు వాడి షుగర్ బాగా దిగుతోందని బయటపడింది. మేం సూది ముందు మాత్రమే చూస్తూ, "ఇంకా 250 ఉందే" అని డోసు పెంచమని అడుగుతున్నాం. నిజానికి తగ్గించాల్సింది. సూది ముందు అంకె కాదు, సూది తర్వాత షుగర్ ఎంత దాకా దిగిందన్నదే డోసును నిర్ణయిస్తుంది. అలాగని సెన్సర్‌ను కళ్ళు మూసుకుని నమ్మకండి. అది కొలిచేది చర్మం కింది ద్రవాన్ని, రక్తాన్ని కాదు. షుగర్ గబగబా మారుతున్నప్పుడు కాస్త వెనకబడుతుంది. తక్కువ చూపిస్తే చెవికి గుచ్చి సరిచూసుకోవాలి. ఏడాదికోసారి పెట్టించుకోవడానికి బాగుంటుంది, రోజూ వాడే స్తోమత నాకు లేదు.

చెవికి గుచ్చడం మాత్రం నేర్చుకోవాల్సిన పనే. మా వీధిలో మామునూరు పశువైద్య కళాశాలలో చదివే అమ్మాయి అద్దెకుండేది. "అక్కా, చెవి చల్లగుంటే రక్తం రాదు" అని, సాక్సులో గుప్పెడు బియ్యం పోసి పెనం మీద వెచ్చజేసి చెవికి ఆనించడం తనే చూపించింది. అంచు వెంట సన్నటి రక్తనాళం కనిపిస్తుంది. అక్కడ వ్యాజిలిన్ ఒక పొరలా రాస్తే రక్తం బొచ్చులోకి పాకకుండా ఆవగింజలా నిలుస్తుంది. చెవి వెనక మడిచిన దూది పెట్టుకోండి, నేను మొదటి వారంలో నా వేలికే నాలుగుసార్లు గుచ్చుకున్నాను. ప్రతిసారీ ఒక ఉడికించిన చికెన్ ముక్క. ఇప్పుడు మిషన్ డబ్బా జిప్పు చప్పుడుకే వచ్చి కూర్చుంటాడు.

ఇన్సులిన్ ఎండాకాలంలో కాపాడటం ఇంకో తలనొప్పి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ కట్టకూడదు. మా పాత ఫ్రిజ్ వెనక గోడకు ఆనిస్తే గడ్డ కట్టింది, ఒక కార్ట్రిడ్జ్, అంటే ఇన్సులిన్ నింపిన చిన్న గాజు గొట్టం, అలా పోయింది. ఇప్పుడు మధ్య అరలో, స్టీలు డబ్బాలో. మే నెలలో మన దగ్గర 40 దాటుతుంది. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవొద్దని ఇంట్లో అందరికీ ఆర్డరు. కార్ట్రిడ్జ్‌లో 300 యూనిట్లు ఉంటాయి, రోజుకు 2 యూనిట్ల పిల్లికి నెలకు 60 చాలు. తెరిచిన 28 రోజులకు పారేయమని పెట్టె మీద ఉంటుంది. అంత మందు పారబోయడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. డాక్టరును అడిగి ఫ్రిజ్‌లోనే ఉంచి ఇంకొంత కాలం వాడతాను. మందు మసకబారినా, పలుకులు కనిపించినా, రీడింగులు కారణం లేకుండా పెరిగినా కొత్తది.

తిండి గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే అక్కడ నాదే తప్పు. ఏళ్ళ తరబడి గిన్నె నిండా డ్రై ఫుడ్, పైన పాలన్నం. రెండింట్లోనూ పిండిపదార్థం ఎక్కువ. ఇప్పుడు గ్రేవీ తక్కువున్న వెట్ ఫుడ్, ఉడికించిన చికెన్. ఒట్టి చికెన్‌తో పిల్లికి టారిన్ అనే పోషకం, కాల్షియం సరిపోవు, డాక్టరు చెప్పిన పొడి కలుపుతాను. తిండి మార్చిన వారంలోనే షుగర్ బాగా దిగింది. ఇన్సులిన్ మీదున్న పిల్లికి డాక్టరుకు చెప్పకుండా తిండి మార్చడం కూడా డోసు పెంచినంత పనే.

కొన్ని పిల్లులకు ఇన్సులిన్ పూర్తిగా ఆగిపోతుంది. మాకూ ఆశ కలిగింది. 2023 చలికాలంలో అర యూనిట్‌కు దిగి ఆరు వారాలు అక్కడే ఉన్నాడు. అందరికీ చెప్పుకున్నాను కూడా. జనవరిలో మళ్ళీ 300లు. ఇన్సులిన్ పాడైందని కొత్తది తెరిచాను, మిషన్ మార్చాను. చివరికి నోరు తెరిచి చూస్తే వెనక దంతం చీము పట్టి ఉంది. నోట్లో ఇన్‌ఫెక్షన్ ఉంటే ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదట. దంతం పీకాక తగ్గింది గానీ అర యూనిట్‌కు మళ్ళీ రాలేదు. ఇప్పుడు ఒకటిన్నర. వెనక కాళ్ళు మాత్రం ఏడు నెలలకు పూర్తిగా నిలబడ్డాయి. సజ్జ మీదికి దూకి అక్కడున్న నా బతుకమ్మ పళ్ళెం కింద పడేసిన రోజు నాకు కోపం రాలేదు.

బతుకమ్మ అంటే గుర్తొచ్చింది. పన్నెండు గంటలకోసారి అనేది రాయడానికి చిన్న మాట. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర ఆట మొదలయ్యేది సరిగ్గా లడ్డు సూది వేళకే. మొదటి ఏడాది పాట మధ్యలో ఆటో ఎక్కి ఇంటికొచ్చాను. తర్వాత తెలిసింది, గంట అటూ ఇటూ అయితే ఏమీ కాదని. ఇంటి తలుపు వెనక కేలండరు కట్టాం. ఎవరు సూది వేస్తే వాళ్ళు గీత పెట్టాలి, గీత ఉందో లేదో అనుమానం వస్తే వేయకూడదు. ఈసారి ఆట అయ్యే దాకా ఉన్నాను. తొమ్మిదింటికి వచ్చి చూస్తే గీత ఉంది. పెట్టింది మామయ్య. వణికే చేతులతో ఆయన వేశారని నేను నమ్మలేదు. చెత్తబుట్ట తెరిచి చూశాను. ఆరెంజ్ మూతే.