చేతి జీపీఎస్, మూడేళ్ల వాడకం తర్వాత

రెండు పెన్సిల్ బ్యాటరీలతో నడిచే, దిక్సూచి సెన్సర్ లేని సాదా రకం ఇది. 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 82 డిగ్రీల తూర్పు రేఖాంశం కలిసే చోటు రాజమండ్రి, కాకినాడల నడుమ, అనపర్తి, బిక్కవోలు దాపునే ఉంది. ఇలా పూర్తి డిగ్రీల గీతలు కలిసే చోటు వెతుక్కుంటూ వెళ్లి, తెర మీద సున్నాలన్నీ కనపడేలా ఫొటో తీసుకోవడం ఒక సరదా. అలాంటి బిందువు పట్టుకోవడానికి ఇది చాలు. కోతలైన చేలో మూడు నుంచి ఐదు మీటర్ల తేడాతో చూపిస్తుంది. కొబ్బరి తోటలో ఆ తేడా పది దాటడం మామూలే.

ఎక్కువ మంది బోల్తా పడేది సెట్టింగుల దగ్గర. 16.50 డిగ్రీలంటే 16 డిగ్రీల 30 నిమిషాలు. దాన్ని 16 డిగ్రీల 50 నిమిషాలుగా కొడితే 37 కిలోమీటర్లు అవతల తేలతారు. డేటమ్, అంటే అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టే భూమి నమూనా, డబ్ల్యూజీఎస్ 84 ఉండాలి. పాత సర్వే ఆఫ్ ఇండియా షీట్లు ఎవరెస్ట్ అనే వేరే డేటమ్ లెక్కలో గీసినవి. వాటి అంకెలు అలాగే ఎక్కిస్తే వంద మీటర్లకు పైగా జరుగుతుంది.

తెర మీద గమ్యం వైపు చూపే బాణానికి పంట కాలువ కనపడదు. ఇంకో 300 మీటర్లే అని సంబరపడితే వంతెన కోసం రెండు కిలోమీటర్లు చుట్టు తిరగాల్సి రావచ్చు. ఉపగ్రహ చిత్రంలో వంతెనలు, లాకులు చూసి ముందే గుర్తులుగా ఎక్కించుకోండి. సార్వా కోతలకూ దాళ్వా ఊడ్పులకూ నడుమ కొద్ది రోజులు మేలు. వేసవిలో కాలువలు కట్టేశాక నడక ఇంకా సులువు, ఎండే మాడ్చేస్తుంది. రైతును అడక్కుండా గట్టెక్కకండి.

సముద్రం వైపు ఇసుక దిబ్బల్లో గొడవంతా ముళ్లతోనే. నాగజెముడు పెద్ద ముల్లు కంటికి ఆనుతుంది. దాని మొదట్లోని నూగుముళ్లే ఏడిపిస్తాయి. రుద్దితే లోపలికి దిగుతాయి, టేపు అంటించి లాగాలి. సర్కారు తుమ్మ ముల్లు హవాయి చెప్పులోంచి దూసుకొస్తుంది, బూట్లే గతి.

చివరి పది మీటర్లలో బాణం చూడకండి. దిక్సూచి లేదు కనుక మనం ఆగితే అది పిచ్చిగా తిరుగుతుంది. అంకెలు చాలు: ఐదో దశాంశం ఒకటి మారితే ఉత్తర దక్షిణాలకు 1.1 మీటరు. ముందు తూర్పు పడమరలు నడిచి 82.00000 తెచ్చుకుని కర్ర పాతండి. అక్కణ్ణుంచి ఉత్తర దక్షిణాలు. తెర సెకనుకోసారి మారుతుంది, మెల్లగా అడుగెయ్యాలి. సున్నాలన్నీ కలిసి ఒక్క క్షణమే నిలుస్తాయి. ఫొటోకి అది సరిపోతుంది.

నచ్చనివీ ఉన్నాయి. నెలల తరబడి మూలన పడేస్తే మొదటి సిగ్నల్‌కి పావుగంట దాకా ఆరుబయట నిలబెడుతుంది. ఛార్జింగ్ బ్యాటరీలు వేసి మెనూలో ఆ రకం ఎంచకపోతే ఛార్జి తప్పుగా చూపిస్తుంది. ఉప్పుగాలికి స్ప్రింగులు చిలుము పడతాయి. ఇంటికి రాగానే బ్యాటరీలు తీసేసి, మూత చుట్టూ ఉన్న రబ్బరు మీద ఇసుక తుడవండి.