చెరువు మత్తడికి గోడ మేలా, గేట్లు మేలా?

2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. అప్పటి నుంచి మన దిక్కు రైతులు అడిగే ప్రశ్న ఒకటే: మత్తడి, అంటే చెరువు నిండాక మిగులు నీరు బయటికి పోయే అలుగు, దెబ్బతిన్న చోట మళ్లీ గోడే కట్టించాలా, ఈసారి గేట్లు పెట్టించాలా?

గేట్ల బలం ముందు చెప్పుకుందాం. చెరువు ఎఫ్‌టీఎల్ (పూర్తిగా నిండిన మట్టం) దాకా నిండినా గోడ మీంచి చుక్క పోదు, ఆ పైన లేచిన నీళ్లే దుంకుతాయి. గేటు అట్లా కాదు. దాని అడుగు ఎఫ్‌టీఎల్‌కు మీటరున్నర కిందుంటే, మీటరున్నర వెడల్పున్న ఒక్క గేటు అప్పటికే 160 క్యూసెక్కుల దాకా వదులుతుంది. ఐదు గేట్లకు 800. అంత నీరు గోడ మీంచి పోవాలంటే 30 మీటర్ల పొడవున దాదాపు 60 సెంటీమీటర్ల ఎత్తు దుంకాలి. పైగా గేట్లుంటే వానకు ముందే చెరువును కొంత దించుకోవచ్చు, శిఖం (చెరువు నీళ్లు పరుచుకునే నేల) పక్క పొలాలు మునగవు, స్థలం కూడా తక్కువ పడుతుంది. లెక్కల్లో గేట్లదే పైచేయి.

కానీ రాత్రి రెండు గంటలకు, కుండపోతలో, వాటిని ఎత్తేదెవరు? నన్నడిగితే తేల్చేది ఇదొక్కటే. చాలా ఊళ్లల్లో ఇప్పుడు నీరటి, అంటే చెరువు నీళ్లు చూసుకునే మనిషి, లేడు. గట్టి వానకు ముందు పోయేది కరెంటే, కాబట్టి మోటారును నమ్మలేం. చేత్తో తిప్పే స్క్రూ రాడ్డుకు మృగశిరకు ముందు గ్రీజు పెట్టకపోతే తుప్పు పట్టి బిగుసుకుంటుంది. రబ్బరు సీలు అతుక్కుంటుంది. కొట్టుకొచ్చిన మొద్దులు, గుర్రపుడెక్క అడ్డం పడితే ఎత్తిన గేటు కూడా మూసుకున్నట్టే. ఇంజినీర్లూ సిబ్బందీ ఉన్న కడెం ప్రాజెక్టులోనే 2022 జూలైలో 5 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చిన వేళ, 18 గేట్లలో ఒకటి లేవలేదు. ఊరి చెరువు సంగతి చెప్పేదేముంది?

ఒకదాని మిగులు నీరు ఇంకోదానిలోకి పోయే గొలుసుకట్టు చెరువుల్లో ఇంకో చిక్కుంది. పై చెరువులో భయపడి గేట్లన్నీ ఒక్కసారి ఎత్తితే ఆ ఉప్పెన కింది చెరువు కట్ట మీద పడుతుంది. గోడ దగ్గర వరద మెల్లగా దిగుతుంది. 40 హెక్టార్ల చెరువు గోడ మీద 60 సెంటీమీటర్లు లేచిందంటే 2.4 లక్షల ఘనపు మీటర్లు అక్కడే ఆగినట్టు. కింది ఊరికి రెండు మూడు గంటల సమయం దొరుకుతుంది.

గోడకు మరో గుణం: దుంకే ఎత్తు రెట్టింపైతే పోయే నీరు 2.8 రెట్లవుతుంది, ఎవరూ ముట్టకుండానే. గోడ పొడవును 30 నుంచి 60 మీటర్లకు పెంచితే అదే వరదకు నీరు 60 బదులు 38 సెంటీమీటర్లే లేస్తుంది. అందుకే డబ్బుంటే పొడవు మీద పెట్టాలి. చోటు లేకపోతే గోడను ముందుకు వెనక్కి మడతలుగా కట్టినా పొడవు కలిసొస్తుంది.

గోడను చంపేది మనమే. రెండో పంటకు నీళ్లు ఆగుతాయని మత్తడి మీద ఇసుక బస్తాలు పేరుస్తారు. 30 మీటర్ల గోడ మీద 60 సెంటీమీటర్లు దుంకాల్సిన చోట 30 సెంటీమీటర్లు బస్తాలకే పోతే, కట్టకు ముప్పు లేని మట్టంలో 840 క్యూసెక్కులు పోయేది 300కు పడిపోతుంది. మిగిలింది కట్ట మీంచి పోవాల్సిందే. చేపల కోసం అడ్డం కట్టే వలలకు చెత్త పట్టుకుంటే కూడా అంతే.

కట్టేటప్పుడు ఎక్కువగా చెడేది గోడ కట్టతో కలిసే మూల. రెక్క గోడలు కట్ట లోపలికి బాగా దూరాలి, వాటి వెనక జిగట మట్టిని 15–20 సెంటీమీటర్ల పొరలుగా పోసి తడిపి దిమ్మిస కొట్టాలి. జేసీబీతో మీటరు మందాన ఒక్కసారే కుమ్మరిస్తే ఆ సందులోనే బుంగ పడి గండి అవుతుంది. నీరు దుంకే చోట రాతి పరుపు, దాని చివర నేలలోకి దిగే అడ్డుగోడ లేకపోతే రెండు వానకాలాల్లో పునాది కింద గుంత పడుతుంది.

కట్ట ఎత్తు పెంచడం, ముందే ఒక చోట బలహీనంగా ఉంచి తెగనివ్వడం అనే దారులూ ఉన్నాయి. మొదటిది మత్తడికి బదులు కాదు, రెండోదానికి కింద ఖాళీ నేల కావాలి.

గేట్లు నప్పేది పట్నం నడుమ చెరువులకు. అక్కడ గోడను పొడిగించే చోటుండదు, కాపలాకు మనుషులను పెట్టొచ్చు. పల్లెలో పొడవాటి గోడ, దాని పక్కన చెరువు దించుకోవడానికి ఒకటో రెండో చిన్న గేట్లు చాలు. అవి లేవకపోయినా గోడ తన పని తాను చేసుకుంటుంది. ఎస్టిమేటు వేయించేముందు మత్తడి కాలువ వెంట కింది చెరువు దాకా నడిచి చూడండి. కబ్జా అయి ఇరుకైన చోట నీరు వెనక్కి ఎగదన్ని గోడ అంచును ముంచితే, పైన లెక్కేసిన క్యూసెక్కులు పోవు.