మాస్టారి బాక్సింగ్ కోచింగ్ బాగుంది, నా పేచీ అంతా ఆ గోడతోనే

పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్లే రోడ్డు పక్కన పాత ధాన్యం గోడౌన్‌లో నడిచే బాక్సింగ్ కోచింగ్ గురించి రాస్తున్నాను. దానికి పేరంటూ ఏమీ లేదు, బోర్డు మీద ‘బాక్సింగ్ నేర్పబడును’ అని మాత్రం ఉంటుంది. మా మేనకోడలు తొమ్మిదో తరగతి. అమలాపురం సాత్విక్ పుణ్యమా అని ఇటువైపు ఏ ఇంట్లో చూసినా షటిల్ బ్యాట్ కనిపిస్తుంది, దీనికి మాత్రం నిఖత్ జరీన్ పిచ్చి. సరే అని ఇక్కడ చేర్చాం. దింపడం, తీసుకురావడం నా డ్యూటీ. రొయ్యల మేత కొట్టు తీసేలోపు ఆ పని అయిపోతుంది.

నేర్పే పద్ధతికి వంక పెట్టలేం. మొదటి నెలంతా గ్లవ్స్ ముట్టుకోనివ్వరు. నిలబడటం, అడుగు వెయ్యడం, స్కిప్పింగ్, అంతే. చేతికి పట్టీ సరిగ్గా చుట్టుకోవడం రానివాళ్లని పంచింగ్ బ్యాగ్ దగ్గరికే రానివ్వరు. స్పారింగ్‌లో, అంటే ఇద్దరు ఎదురెదురుగా ఆడే ప్రాక్టీసు ఫైట్‌లో, హెడ్‌గార్డ్, మౌత్‌గార్డ్ లేకుండా ఎవరూ దిగకూడదు. పెద్ద మగవాళ్ల అమెచ్యూర్ పోటీల్లో 2013 నుంచి హెడ్‌గార్డ్ తీసేశారు కాబట్టి మాకూ వద్దని కుర్రాళ్లు అడుగుతుంటారు. మాస్టారు వినరు. అసలైన రింగ్ లేదు, మ్యాట్ల చుట్టూ తాళ్లు కట్టారు. ఆడపిల్లల బ్యాచ్ జరిగేటప్పుడు మాస్టారి భార్య అక్కడే ఉంటారు. ఫీజు నెలకి వెయ్యి, గ్లవ్స్ మనమే కొనుక్కోవాలి. అక్కడ ఉండే గ్లవ్స్ వానాకాలంలో బూజు వాసన. మనవైనా సరే, ఇంటికి తెచ్చి లోపల పేపరు కుక్కి ఫ్యాన్ కింద పెట్టకపోతే అదే గతి.

ఇక ఆ గోడ. లోపలికి వెళ్లగానే ఎడమవైపు వరసగా ఫొటో ఫ్రేములు. జిల్లా, రాష్ట్ర పోటీల్లో పతకాలు తెచ్చిన పిల్లలవి కొన్ని. వాటి మధ్యలోనే, అదే సైజులో, పతకం లేని పిల్లలవి కొన్ని. ముక్కు వాచి, కన్ను మూసుకుపోయి ఉంటారు. కింద స్కెచ్ పెన్నుతో ‘చివరిదాకా నిలబడ్డాడు’ అని రాసి ఉంటుంది. అందరికీ పైన కెనడా బాక్సర్ అర్తూరో గాటీ పోస్టర్. మాస్టారికి గాటీ అంటే దేవుడు.

"గుండె లేనోడికి పతకమొచ్చినా ఏం లాభమండీ? తొమ్మిది ఫైట్లు ఓడిపోయినా గాటీని హాల్ ఆఫ్ ఫేమ్‌లో పెట్టారా లేదా?" అంటారు.

పెట్టారు. మేటి బాక్సర్ల పేర్లు చేర్చి గౌరవించే ఆ హాల్ న్యూయార్క్ రాష్ట్రం కానస్టోటాలో ఉంది, గాటీని 2013లో తీసుకున్నారు. అమెరికా బాక్సర్ మిక్కీ వార్డ్‌తో ఆడిన మూడు ఫైట్లు చూసినవాళ్లెవరూ కాదనలేరు. 2002 మేలో మొదటిది, తొమ్మిదో రౌండ్‌లో వార్డ్ పక్కటెముకల కింద కొట్టిన దెబ్బకి గాటీ కూలిపోయాడు, లేచాడు, ఓడిపోయాడు. రెండోది గెలిచాడు. 2003లో మూడోది కుడిచెయ్యి విరిగినా వదలకుండా గెలిచాడు. నేనూ అర్ధరాత్రి ఫోన్‌లో చూసి చెమటలు పట్టినవాణ్ణే.

కానీ మాస్టారు సగమే చెప్తున్నారు. గాటీకి రెండు వేర్వేరు బరువుల్లో ప్రపంచ టైటిళ్లున్నాయి, ఒకటి 1995లో, ఇంకోటి 2004లో. నలభై గెలుపుల్లో 31 నాకౌట్లు. మొదటి ఫైట్లో గాటీనే ఓడించిన వార్డ్‌కి గుండె ఏం తక్కువ? అయినా 2013లో గాటీ పక్కన అతను లేడు. ఇద్దరూ ఒకే రింగ్‌లో ఒకేలా రక్తం కార్చారు, తేడా వచ్చింది టైటిల్ బెల్టుల దగ్గరే. అలాగని రికార్డు ఒక్కటే చూస్తే గాటీకి ఆ తలుపు తెరుచుకునేదని నేననను. పేరున్న బాక్సర్లు డి లా హోయా 2001లో, మేవెదర్ 2005లో అతన్ని చివరి రౌండు దాకా రానివ్వలేదు. ఓట్లు కొన్ని గుండెకే పడ్డాయి.

అదే 2013లో గాటీతో పాటు యూ మ్యుంగ్-వూ అనే కొరియా బాక్సర్‌ని కూడా తీసుకున్నారు. వరసగా 17 సార్లు టైటిల్ కాపాడుకున్నాడు. 39 ఫైట్లలో ఓడింది ఒక్కటి. ఆ పేరు మాస్టారి పిల్లల్లో ఎవరినైనా అడిగి చూడండి. గుండె చూపించినవాణ్ణి జనమే గుర్తుపెట్టుకుంటారు. హాల్ లాంటిది లేకపోతే మరుగునపడేది యూ లాంటివాళ్లే. భీమవరం పరిసరాల్లో పుట్టి, నెత్తురోడినా వెనక్కి తగ్గని పుంజు మీద మోజు లేదంటే అబద్ధం, కానీ బరి దగ్గర డబ్బులు మాత్రం గెలిచిన పుంజు వాళ్లకే ఇస్తారు.

ఈ వాదన టీ తాగుతూ సాగితే నాకు సరదాయే. ఓ రోజు స్పారింగ్‌లో మా పిల్ల చేతులు దించేసి దెబ్బలు తింటూ ముందుకు పోతోంది. "గార్డ్ ఎందుకు ఎత్తట్లేదే?" అంటే, "తట్టుకుని నిలబడితే గోడ మీద ఫొటో పెడతారు మావయ్యా" అంది. దెబ్బ తప్పించుకోవడం నేర్పే చోట, దెబ్బ తినడానికి బహుమతి పెట్టినట్టయింది.

మాస్టారితో అన్నాను. ఆయన మన బాక్సర్ సతీష్ కుమార్‌ని ఉదాహరణగా తెచ్చారు. టోక్యో ఒలింపిక్స్‌లో ముఖం మీద 13 కుట్లతో ఉజ్బెకిస్థాన్ బాక్సర్ జలోలోవ్ మీద ఆడాడు, 0-5తో ఓడాడు, దేశమంతా మెచ్చుకుంది. నేనూ దండం పెట్టాను. కానీ అతను సైన్యంలో పనిచేసే పెద్ద మనిషి, అది ఒలింపిక్ క్వార్టర్‌ఫైనల్. పద్నాలుగేళ్ల పిల్లకి అదే పాఠం ఎలా చెప్తామండీ?

"అయితే ఆ ఫ్రేములు తీసెయ్యమంటారా?" అన్నారు.

"తియ్యొద్దు మాస్టారూ, అటు గోడకి మార్చండి. పతకాల పక్కన బాగా కాచుకున్న పిల్లల ఫొటోలు పెట్టండి."

"ఆలోచిస్తానండి" అన్నారు. ఈ రివ్యూ రాసేనాటికి ఫ్రేములు కదల్లేదు. మా పిల్లని మాన్పించలేదు, ఇంత ఓపిగ్గా నేర్పేవాళ్లు ఈ చుట్టుపక్కల నాకు దొరకలేదు. ఐదుకి నాలుగు చుక్కలు ఇస్తున్నాను, ఆ ఒకటి గోడ ఖాతాలో కోత.

చేర్పించేవాళ్లు పొద్దున బ్యాచ్ చూసుకోండి, సాయంత్రం కాలవ పక్క దోమలకి పిల్లలు గంట కూడా నిలవలేరు. శనివారం స్పారింగ్ ఉంటుంది, తల్లిదండ్రుల్ని రానిస్తారు. కుర్చీలుండవు, మూలనున్న పాత బస్తాల మీద కూర్చోవాలి. ఒక్కసారైనా కూర్చుని, మీ పిల్లల చేతులు ఎక్కడున్నాయో చూసుకోండి.