కంపెనీదా, లోకలా? ఆర్‌ఎక్స్ ఇంజిన్ విప్పాక ఏ సామాను ఏది మేలు?

గత నెలంతా మా మేనల్లుడి యమహా ఆర్‌ఎక్స్ 100 ఇంజిన్ పర్లాకిమిడిలో మా వీధరుగు మీద గోనెసంచి పరుచుకుని పడుంది. బండికి గుత్తుల టైర్లు వేసి, ముందు మడ్‌గార్డు పైకెత్తి, దాన్ని డర్ట్ బైకు అంటాడు వాడు. ఈ చుట్టుపక్కల కుర్రాళ్లలో చాలామందికి డర్ట్ బైకంటే ఇదే. మహేంద్రగిరి వైపు ఎర్రమట్టి దారుల్లో రెండు వర్షాకాలాలు తిప్పాక, ఒకరోజు ఎత్తు ఎక్కలేక, లోపల గజ్జెలు కట్టినట్టు చప్పుడు చేసుకుంటూ ఇంటికొచ్చింది.

"మావయ్యా, అన్నీ కంపెనీవే వేసేద్దాం" అంటాడు వాడు. "ఏటి బాబూ, కంపెనీదని పేరే గానీ దొరకొద్దా? లోకల్ ఏసేద్దాం, నాలుగేళ్లు తిరిగి చూడక్కర్లేదు" అంటాడు మేస్త్రి. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1985లో మొదలై 1996లో ఆగిపోయింది. అందుకని ఇప్పుడు కంపెనీ సామానంటే ఎక్కడో మిగిలిపోయిన పాత సరుకైనా అయ్యుండాలి, కంపెనీ డబ్బాలో పెట్టిన డూప్లికేటైనా అయ్యుండాలి, అదృష్టముంటే నిజంగా కంపెనీదైనా అయ్యుండాలి. వీటిలో ఏదో తేల్చుకోకుండా ఒరిజినల్ గొప్పా, లోకల్ గొప్పా అని వాదించుకోవడం దండగ. నేను చూసేది వేరే: ఈ సామాను చెడితే తనొక్కటే పోతుందా, పక్కవాటిని కూడా వెంటబెట్టుకుని పోతుందా?

ముందు పిస్టన్. కొనే ముందు సిలిండర్ ఏ సైజులో ఉందో చూడాలి. హెడ్ విప్పి, పిస్టన్ నెత్తి మీద పేరుకున్న నల్ల కార్బన్‌ని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పాత బ్లేడుతో మెల్లగా గీకితే అంకె కనబడుతుంది. మాకు 75 అని కనబడింది. అంటే స్టాండర్డ్ 50 మి.మీ. బోరుని, సిలిండర్ లోపలి వెడల్పుని, 0.25 చొప్పున మూడుసార్లు చెక్కించి పెంచేశారన్నమాట. బోరు కొట్టించడమంటే ఇదే. ఇక మిగిలింది 1.00 సైజు ఒక్కటే. ఆ చివరి సైజులో బోరు 51 మి.మీ., స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం, ఎలాగూ 50. లెక్క కడితే 98 సీసీ బండి 102 సీసీ అవుతుంది. ఇది చెబితే మావాడు రేసు బండి చేతికొచ్చినంత సంబరపడ్డాడు. ఆ 4 సీసీ తేడా తొక్కేవాడికి తెలియదు, పొరపాటున కూడా.

సైజు అయిపోయినవాళ్లకి మూడు దారులున్నాయి: సిలిండర్ లోపల కొత్త లైనర్ (ఇనప గొట్టం) దింపించుకోవడం, లోకల్ బోరు కిట్ (కొత్త సిలిండర్, పిస్టన్ కలిపి) కొనడం, ఇనప సామాన్ల కొట్లో ఇంకా సైజు మిగిలిన పాత ఒరిజినల్ సిలిండర్ వెతుక్కోవడం. నా ఓటు మూడోదానికే. టూ స్ట్రోక్‌లో ఫోర్ స్ట్రోక్‌కి ఉన్నట్టు హెడ్‌లో వాల్వులు ఉండవు. సిలిండర్ గోడలోని కిటికీలే, అంటే పోర్టులే వాల్వుల పని చేస్తాయి. వాటి ఎత్తు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయిందంటే బండి గుణమే మారిపోతుంది. చవక బోరు కిట్లలో ఆ పోర్టుల అంచులు పల్లీపాకంలా గరుకుగా ఉండటం నా కళ్లతో చూశాను. లైనర్ మంచి చేతిలో పడితే పర్వాలేదు, కాకపోతే దాని కిటికీలు సిలిండర్ కిటికీలతో సరిగ్గా కలిశాయో లేదో మీరే లోపలికి టార్చి వేసి చూసుకోవాలి.

ఇక పిస్టన్ ఎవరిది? ఇక్కడ నేను లోకల్ పక్షమే, కాకపోతే పేరున్న లోకల్. మనకి పక్కనే ఉన్న శ్రీకాకుళం జిల్లాలో బళ్ల పిస్టన్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది. దేశంలో పిస్టన్లు, రింగులు చేసే పేరున్న కంపెనీలు ఇంకా ఉన్నాయి. పిస్టన్ ఎలాగూ అరిగే సామానే. మట్టిలో తిరిగే బండికి రేపో ఎల్లుండో మళ్లీ మార్చాల్సిందే. అలాంటిదానికి పాత జపాన్ డబ్బా అని మూడింతలు పోయడం నాకు రుచించదు. పేరూ ఊరూ లేని డబ్బా మాత్రం వద్దు. పిస్టన్ స్కర్టు, అంటే దాని కింది అంచు, పగిలి ముక్క కిందకి దిగిందంటే పిస్టన్ తిప్పే ఇరుసు, అదే క్రాంక్, కూడా దాంతోపాటే.

ఫోర్జ్‌డ్ పిస్టన్ అడిగాడు మావాడు, వీడియోల్లో చూసి. ఫోర్జ్‌డ్ గట్టిదే, పోయినా ముక్కలవ్వడం తక్కువ. కానీ వేడికి ఎక్కువ సాగుతుంది, కాబట్టి సిలిండర్లో ఎక్కువ ఖాళీ వదలాలి. ఆ ఖాళీ వల్ల పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు టకటకలాడుతుంది, వేడెక్కేదాకా ఓపిక పట్టాలి. మావాడు కిక్ కొట్టి వెంటనే యాక్సిలరేటర్ తిప్పే రకం. సిలికాన్ ఎక్కువ కలిపి పోత పోసిన మామూలు క్యాస్ట్ పిస్టన్ తక్కువ సాగుతుంది, దగ్గర ఫిట్టింగ్‌తో నడుస్తుంది. 11 హార్స్‌పవర్ బండికి అది చాలు. యమహా వైజెడ్ 125 లాంటి నిజమైన డర్ట్ బైకుల కథ వేరు. వాటి సిలిండర్ లోపల గట్టి పూత ఉంటుంది, మన లేత్ షాపులో బోరు కొట్టేది కాదు. అందుకే అక్కడ సిలిండర్ కొలతకి తగ్గ గ్రేడు చూసి పిస్టన్ తెచ్చుకుంటారు.

ఏ పిస్టన్ కొన్నా దాన్ని చేతిలో పట్టుకునే లేత్ షాపుకి వెళ్లండి. ముందు బోరు కొట్టించేసి తర్వాత పిస్టన్ కొనడం చెప్పుల జత చూడకుండా కాలు చెక్కుకున్నట్టే. అదే సైజు రాసున్న రెండు పిస్టన్లని మైక్రోమీటర్‌తో కొలిస్తే తేడా వస్తుంది. పిస్టన్‌ని కొలిచి, డబ్బా మీద రాసిన క్లియరెన్స్ (వదలాల్సిన ఖాళీ) కలిపి, ఆ కొలతకి బోరు కొట్టి, హోనింగ్ (గోడకి సన్నగా రాపిడి పట్టడం) చేయాలి. ఇంకొక్కటి మర్చిపోకుండా అడగండి: పోర్టుల అంచులు మొద్దు చేశారా అని. బోరు కొట్టాక ఆ అంచులు కత్తుల్లా ఉంటాయి, రింగు వాటికి తగులుకుంటే విరుగుతుంది. రింగు కొత్తదే కదా అని ఊరుకోకుండా సిలిండర్లో పెట్టి మూతుల మధ్య ఖాళీ ఫీలర్ గేజ్‌తో చూడండి. 50 మి.మీ. బోరుకి 0.2 మి.మీ. చుట్టుపక్కల ఉంటే నిశ్చింత. పిస్టన్ మీది బాణం సైలెన్సర్ వైపు ఉండాలి. పిస్టన్‌ని రాడ్‌కి కలిపే గజన్ పిన్ను జారకుండా పట్టే సర్‌క్లిప్పులు మాత్రం పాతవి మళ్లీ వాడొద్దు, టీ నీళ్ల డబ్బులు కూడా కావవి.

ఇంతవరకూ పైపని. కిందికి దిగితే నా పొదుపు గుణం మాయమైపోతుంది.

టూ స్ట్రోక్ ఇంజిన్‌కి క్రాంక్ తిరిగే గది, అంటే క్రాంక్‌కేసే ఊపిరితిత్తి. పెట్రోలు, గాలి, ఆయిలు కలిసిన మిశ్రమం ముందు అందులోకి వచ్చి, అక్కడ ఒత్తిడి పెరిగి పైకి వెళ్తుంది. ఆ గదికి రెండు పక్కలా కాపలా కాసేవి రబ్బరు క్రాంక్ సీళ్లు. క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్ పీల్చుకుని తెల్ల పొగ కక్కుతుంది, కనీసం తెలుస్తుంది. మ్యాగ్నెట్ వైపు సీలు పోతే పొగా ఉండదు, మరకా ఉండదు. దొంగగాలి లోపలికొస్తుంది. గాలి ఎక్కువై పెట్రోలు వాటా తగ్గుతుంది, దాంతోపాటు వచ్చే ఆయిలూ తగ్గుతుంది, పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది.

ఇది పుస్తకం చదివి చెప్పట్లేదు. కొన్నేళ్ల కిందట నా ఆర్‌ఎక్స్ 135కి ఫుల్ ఇంజిన్ పని చేయించినప్పుడు, ఒక పాత కొట్టాయన అల్మారా అడుగు నుంచి దుమ్ము దులిపి తీసిన 'జపాన్ పీసు' సీళ్లు మురిసిపోయి కొన్నాను. డబ్బా ముద్దుగా ఉంది. లోపలి రబ్బరు ఎన్నేళ్ల వయసుదో ఆలోచించలేదు. గోటితో నొక్కితే సీలు పెదవి (లోపలి అంచు) వంగలేదు, అయినా కొత్తది కదా బిగుతుగా ఉంటుందిలే అనుకున్నాను. రెండో వారం ఆర్. ఉదయగిరి నుంచి దిగుతూ యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ మోత తగ్గలేదు. అది దొంగగాలి పని అని తట్టక, కేబుల్ పట్టేసిందనుకుని కార్బొరేటర్ దగ్గర నాలుగు తన్నులు తన్ని మళ్లీ ఎక్కాను. తర్వాతి ఎత్తు సగంలో వెనక చక్రం కీచుమని ఆగిపోయింది. కొత్త పిస్టన్, కొత్త బోరు, రెండూ గీతలు పడి పోయాయి. పాత సరుకు ఇనుమైతే బంగారం, రబ్బరైతే చెత్త: ఆరోజు నాకు తెలిసొచ్చింది ఇది. కాబట్టి సీళ్లు ఈమధ్య తయారైనవే తీసుకోండి, పేరున్న కంపెనీవి. దొరికితే మామూలు నల్ల నైట్రైల్ కన్నా వైటాన్ రబ్బరువి. వేడికి ఆగుతాయి, ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకి కూడా తట్టుకుంటాయి.

ఇథనాల్ మాట వచ్చింది కాబట్టి: అందులోనే ఆక్సిజన్ ఉంటుంది, అందుకని కార్బొరేటర్‌లో పెట్రోలు వదిలే పాత జెట్ మీద మిశ్రమం కాస్త పలచబడుతుంది. స్పార్క్ ప్లగ్ కొస సున్నంలా తెల్లబడుతుంటే మెయిన్ జెట్ ఒక నంబరు పెంచుకోవడం మంచిది.

బేరింగులు కొనేటప్పుడు నంబరు చూసి ఊరుకోకుండా దాని చివర సి3 అని ఉందా చూడండి. క్రాంక్ బేరింగు వేడికి బిగుసుకుంటుంది, సి3 అంటే అందుకోసమే లోపల కాస్త ఎక్కువ ఖాళీ వదిలి చేసినది. మామూలుది కూడా పడుతుంది, తిరుగుతుంది, తర్వాత ఏడిపిస్తుంది. మన దేశపు పెద్ద కంపెనీ బేరింగ్ అయినా, విదేశీ పేరున్నదైనా నాకు ఒకటే. నకిలీ కాకపోతే చాలు, అందుకే డీలరు దగ్గర బిల్లు రాయించుకుని తీసుకుంటాను.

పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ దగ్గర మళ్లీ రెండు దారులు. క్రాంక్ మొత్తం సెట్టుగా లోకల్‌ది కొనడమా, ఉన్న ఒరిజినల్ క్రాంక్‌లో రాడ్ కిట్ మార్పించడమా? రాడ్ కిట్టే మేలు, మంచి ప్రెస్ ఉన్న షాపు దొరికితే. క్రాంక్ బరువుల్ని విడదీసి, పిన్ను మార్చి, మళ్లీ ప్రెస్ చేశాక రెండు పక్కలూ ఒకే గీతలో ఉండాలి. తేడా మిల్లీమీటరులో 3 వందో వంతులు దాటకూడదు. దీన్ని డయల్ గేజ్ పెట్టి చూడాలి. మా ఊళ్లో ఒకాయన రాగి సుత్తితో కొట్టి, కన్ను మూసి చూసి 'సరిపోయింది' అంటాడు. ఆయన మీద గౌరవం ఉంది, క్రాంక్ మాత్రం ఇవ్వను. శ్రీకాకుళం వెళ్లినా బరంపురం వెళ్లినా ఒక రోజు పని. అంత దూరం తిరగలేనివాళ్లకి, పాత క్రాంక్ టేపర్ (మ్యాగ్నెట్ కూర్చునే సన్నబడిన కొస) దెబ్బతిన్నవాళ్లకి పూర్తి సెట్టే గతి.

కార్బొరేటర్ నుంచి వచ్చిన మిశ్రమం వెనక్కి పోకుండా ఆపే రీడ్ వాల్వు రేకులు స్టీల్‌వా, ఫైబర్‌వా అని కూడా అడుగుతారు. స్టీల్ ఎక్కువ కాలం వస్తుంది, విరిగితే ముక్క నేరుగా క్రాంక్‌కేసులోకి పడుతుంది. ఫైబర్ త్వరగా అంచులు చీలుతుంది, పడినా పెద్ద నష్టం చేయదు. కొండల్లో నలిగే బండికి ఫైబర్. గ్యాస్కెట్లు లోకల్‌వి చాలు, కాకపోతే సిలిండర్ కింద వేసేది పాతదానికన్నా మందంగా ఉంటే పోర్టుల ఎత్తు మారిపోతుంది, అది చూసుకోండి.

చివరికి మావాడి బండికి పేరున్న లోకల్ పిస్టన్, కొత్త వైటాన్ సీళ్లు, సి3 బేరింగులు, శ్రీకాకుళంలో మార్పించిన రాడ్ కిట్ పడ్డాయి. వాడు వద్దన్నా నేను బలవంతంగా వేయించినది ఒకటుంది, ఆయిల్‌లో తడిపి పిండి పెట్టే ఫోమ్ ఎయిర్ ఫిల్టర్. పాత ఫిల్టర్ తీసి చూస్తే ఒక పక్క చినిగిపోయి ఉంది, దాని వెనక గొట్టంలో మహేంద్రగిరి ఎర్రమట్టి కుంకుమలా పరుచుకుని ఉంది. గజ్జెల చప్పుడు అక్కడే మొదలైందని మేస్త్రి కూడా ఒప్పుకున్నాడు. ఇప్పుడు బండి కాశీనగర్ రోడ్డు మీద, చదునులో, సగం యాక్సిలరేటర్‌తో, ఆయిల్ కాస్త ఎక్కువ కలుపుకుని తిరుగుతోంది. 500 కిలోమీటర్లు దాటేదాకా కొండెక్కనని మాటిచ్చాడు, నిన్న సాయంత్రం మీటరు 180 దగ్గర ఉంది.