బ్రైడ్ తిమింగలం: ఒక జాతిగా రాస్తే మేలా, రెండుగానా?

సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి 2023 జులైలో తిమింగలం కళేబరం కొట్టుకొచ్చింది. వార్తల్లో నీలి తిమింగలం అన్నారు, దాని సంగతి అలా ఉంచుదాం. అప్పట్నుంచీ శ్రీకాకుళంలో జువాలజీ చదివే పిల్లలు మాత్రం ఒకటే అడుగుతున్నారు: వెచ్చటి సముద్రాల్లో తిరిగే బ్రైడ్ తిమింగలాల్ని ఎడెనీ అనే శాస్త్రీయ నామంతో ఒకే జాతి కింద రాయాలా, ఎడెనీ వేరు, బ్రైడీ వేరు అనాలా?

వేరనేవాళ్ళ మాట తీసిపారేసేది కాదు. ఎడెనీ చిన్నది, ఒడ్డు పట్టుకుని తిరుగుతుంది. బ్రైడీ 14 మీటర్ల దాకా పెరుగుతుంది, లోతు నీళ్ళది. 2013లో వచ్చిన జన్యు అధ్యయనంలో బంగ్లాదేశ్ తీరానివి ఎడెనీగా, మాల్దీవులవి బ్రైడీగా తేలాయి. హిందూ మహాసముద్రం ఒకటే అయినా ఆ తేడా చెదరలేదు.

అయినా నా ఓటు ఒకే జాతికి. కారణం ఎముకలు. 1871లో బర్మాలోని మార్తబాన్ సింధుశాఖ దగ్గర ఒక పాయలోకి వచ్చి చిక్కుకుపోయిన తిమింగలం ఎముకల్ని చూసి జంతుశాస్త్రవేత్త జాన్ ఆండర్సన్ ఎడెనీ అని పేరు పెట్టాడు. అవి కలకత్తా చేరాయి. అనుమానమొస్తే వాటినే తిరిగి కొలవచ్చు. బ్రైడీకి ఆ ఆధారం లేదు. 1913లో దక్షిణాఫ్రికా వేట కేంద్రాల్లో చూసినవాటికి నార్వే జంతుశాస్త్రవేత్త ఓల్సెన్ ఆ పేరు పెట్టాడు గానీ, ఇదీ నమూనా అని ఏ ఎముకనీ చూపించలేదు. దేనితో పోల్చాలో తెలియని పేరుని జాతి అనడానికి నాకు మనసొప్పదు. సముద్ర క్షీరదాల శాస్త్రవేత్తల సంఘం కూడా ప్రస్తుతానికి రెంటినీ ఎడెనీ కింద ఉపజాతులుగానే, అంటే ఒకే జాతిలోని రెండు గుంపులుగానే ఉంచింది.

కలిపేస్తే రక్షణ పోతుందన్న భయం నిజమే. మెక్సికో సింధుశాఖలో వందకి లోపే మిగిలిన రైస్ తిమింగలాలు చాలాకాలం బ్రైడ్ లెక్కలోనే ఉండిపోయాయి. కానీ 2021లో వాటిని విడదీసింది కూడా, 2019లో ఫ్లోరిడా ఒడ్డుకి వచ్చినదాని పుర్రెని క్షుణ్ణంగా పరీక్షించాకే.

ఒకప్పుడు బ్రైడ్ అనుకున్న ఒమురా తిమింగలం ఈ తగువులోకి రాదు. 2003లోనే వేరు చేశారు, జన్యువుల్లోనూ బాగా దూరం.

మన తీరంలో ఈసారి ఏదైనా ఒడ్డుకొస్తే ముందు తల పైభాగం ఫొటో తీయండి. ముక్కు రంధ్రాల దగ్గర్నుంచి మూతి దాకా మూడు గట్లు వరసగా కనిపిస్తే అది బ్రైడ్ గుంపుదే. కళేబరం ఉబ్బి, తోలు ఊడిపోయాక ఆ గట్లు ఆనవు. చర్మం ముక్క మీరు కోయకండి, అది చట్టరక్షణ ఉన్న జంతువు. పూడ్చకముందే నమూనా తీయించమని అటవీ శాఖ వాళ్ళని అడగండి. పరీక్ష ఫలితం వచ్చేదాకా మీ రికార్డులో జాతి దగ్గర ఎడెనీ అని రాసి, ఉపజాతి గడి ఖాళీగా ఉంచండి.