క్వార్టర్‌బ్యాక్ కావాలంటే ఒకే ఆటా, రెండు మూడు ఆటలా: ఏది మేలు?

డాలస్ శివార్లలోని తెలుగు తల్లిదండ్రులు పదే పదే అడిగే ప్రశ్న ఇది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో జట్టును నడుపుతూ పాస్‌లు విసిరేవాడే క్వార్టర్‌బ్యాక్. ఏడో తరగతి పిల్లాడి విసురు బాగుంది; బేస్‌బాల్ మాన్పించి ప్రైవేటు క్వార్టర్‌బ్యాక్ కోచ్ దగ్గర చేర్చాలా, హైస్కూల్ దాకా అన్నీ ఆడనివ్వాలా?

మొదటి దారికి, అంటే ఒకే ఆటకు, దక్కాల్సిన మార్కులు ముందే వేద్దాం. టాడ్ మారినోవిచ్‌ను తండ్రి మార్వ్ పసితనం నుంచే క్వార్టర్‌బ్యాక్ కోసమని పెంచాడు. టాడ్ కాలిఫోర్నియా హైస్కూల్ రోజుల్లో మొత్తం 9,914 పాసింగ్ యార్డులు (పాస్‌లతో జట్టు ముందుకు సాగిన దూరం) సాధించాడు, అప్పట్లో అది జాతీయ రికార్డు. 1991లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే డ్రాఫ్టులో 24వ ఎంపిక. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మాత్రం రెండు సీజన్లే ఆడాడు. అందులో మత్తుమందుల పాత్ర పెద్దది కాబట్టి తప్పంతా శిక్షణ మీదికి నెట్టలేం.

ఎన్‌ఎఫ్‌ఎల్ స్టార్ క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్ కథ వేరు. తండ్రి మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో పిచ్చర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు). టెక్సస్‌లోని వైట్‌హౌస్ హైస్కూల్లో ఫుట్‌బాల్, బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ మూడూ ఆడాడు. పదకొండో తరగతి దాకా వార్సిటీ (స్కూలు ప్రధాన జట్టు) క్వార్టర్‌బ్యాక్ స్థానమే దక్కలేదు, అంతకుముందు సేఫ్టీ (వెనక నిలబడి కాచే డిఫెన్స్ ఆటగాడు). చివరి ఏడాది 4,619 పాసింగ్ యార్డులు, 50 టచ్‌డౌన్ పాస్‌లు. అయినా కాలేజీ జట్ల కోసం హైస్కూల్ ఆటగాళ్లకు రేటింగ్ ఇచ్చే రిక్రూటింగ్ సైట్లు ఇచ్చింది ఐదింట మూడు నక్షత్రాలే, కాలేజీల పిలుపులూ కొన్నే. ఆ నష్టం నిజమైనదే, దాచక్కర్లేదు.

అయినా నా మొగ్గు రెండో దారికే. కారణం ఒక్కటి: కాళ్లు కుదురుగా లేనప్పుడు విసరడం. ప్రైవేటు సెషన్‌లో కోన్‌ల మధ్య మూడడుగులో ఐదడుగులో వెనక్కి వేసి, ముందుకాలు లక్ష్యం వైపు పెట్టి విసురుతారు. ఏడుగురేసి ఆడే సెవెన్ ఆన్ సెవెన్‌లో ముందు వరసలో ఢీకొనే లైన్‌మెన్ ఉండరు, మీదికి దూకేవాడు లేడు, విసరడానికి సాధారణంగా 4 సెకన్ల గడువు. అసలు మ్యాచ్‌లో పాకెట్ (క్వార్టర్‌బ్యాక్ చుట్టూ సొంత జట్టు కట్టే రక్షణ) కూలితే ముందుకాలు సరిగా ఆనదు, నడుము తిరగదు, బంతి దాన్ని పట్టాల్సిన రిసీవర్ తల మీదుగా పోతుంది. బేస్‌బాల్‌లో షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డర్) ఆడే పిల్లాడికి ఆ తిప్పలు రోజువారీ పనే: పక్కకు పరుగెత్తుతూ బంతి అందుకుని, మోచెయ్యి ఏ ఎత్తులో ఉంటే ఆ ఎత్తు నుంచే ఫస్ట్ బేస్‌కు కొట్టాలి. మహోమ్స్ పక్కచేతి విసురు అక్కడిదే.

ఈ రెండో దారిలో ముప్పు భుజానికి. అమెరికా యువ బేస్‌బాల్ కోసం ఉన్న పిచ్ స్మార్ట్ మార్గదర్శకాల ప్రకారం 15–16 ఏళ్లవాడు రోజుకు 95 పిచ్‌లు దాటకూడదు. 75 దాటితే 4 రోజుల విశ్రాంతి. ఆ విశ్రాంతి రోజుల్లో ఫుట్‌బాల్ విసిరిస్తే విశ్రాంతి కాగితం మీదే. ఫుట్‌బాల్ సీజన్‌లో ట్రావెల్ బేస్‌బాల్ (ఊరూరా తిరిగి ఆడే క్లబ్ ఆట) కూడా ఉంటే పిచింగ్ వద్దు, షార్ట్‌స్టాప్ లాంటి ఇన్‌ఫీల్డ్ స్థానం చాలు.

ట్రాక్, బాస్కెట్‌బాల్ మంచివే, విసురుకు అంతగా ఉపయోగపడవు. ఆట కోసం ఏడో ఎనిమిదో తరగతి మళ్లీ చదివించే ఆలోచన టెక్సస్‌లో వదిలేయండి: ఆ రాష్ట్ర స్కూలు ఆటలను నడిపే యుఐఎల్ నిబంధనల్లో అలాంటివాడికి హైస్కూల్ నాలుగో ఏట వార్సిటీ అర్హత పోతుంది.

ఇప్పటికే పదకొండో తరగతిలో వార్సిటీ స్టార్టర్ (మ్యాచ్ మొదలుపెట్టే క్వార్టర్‌బ్యాక్) అయినవాడికి మాత్రం ప్రైవేటు కోచే మేలు. సగం సమయం పరుగెత్తుతూ, ఎవరో మీదికి వస్తుండగా విసిరే డ్రిల్లులకే ఇవ్వమని డబ్బు కట్టకముందే అడగండి.